క్యాబిన్ ఫిల్టర్: ఏ రకం కొనాలి, ఇంట్లో మార్చుకోవాలా, మెకానిక్‌కి వదిలేయాలా

కారు ఏసీ సరిగ్గా పనిచేయడం లేదనగానే గ్యాస్ నింపించడానికి పరిగెత్తకండి. గ్యాస్ తగ్గితే గాలి జోరుగానే వస్తుంది, చల్లదనం ఉండదు. కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి చల్లగానే ఉంటుంది, జోరు ఉండదు. ఫ్యాన్‌ని 4లో పెట్టినా 2లో ఉన్నట్టే అనిపిస్తుంది, మోత మాత్రం 4దే. వానలో అద్దం మీద పట్టిన ఆవిరి పోవడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతుంది. ఈ లక్షణాలు కనిపిస్తే చూడాల్సింది ఫిల్టర్‌ని.

మార్చడం సులువే. చిక్కంతా ఎంపికలో ఉంది. ఒకే స్లాట్‌కి నాలుగైదు రకాల ఫిల్టర్లు దొరుకుతాయి, ధరల్లో రెండు మూడు రెట్ల తేడా ఉంటుంది, ప్రతి డబ్బా మీదా 99 శాతం అనే అంకె ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. ఎక్కువమందికి మేమిచ్చే సలహా ఇది: పేరున్న తయారీదారు చేసిన మామూలు కార్బన్ ఫిల్టర్ తీసుకోండి, ఏడాదికోసారి మార్చండి, స్లాట్‌లో చుట్టూ సందు లేకుండా కూర్చుందో లేదో చూసుకోండి. అత్యంత ఖరీదైన ఫిల్టర్‌ని రెండేళ్లు లాగడం కన్నా ఇదే మేలు. ఎందుకో కింద వివరంగా ఉంది.

ముందు ఫిల్టర్ ఎక్కడుందో చూడండి

ఇంట్లో చేసుకోవాలా వద్దా అన్నది మీ చేతి నైపుణ్యం కన్నా కారు డిజైన్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఓనర్స్ మాన్యువల్‌లో ఫిల్టర్ ఉన్న చోటు, అది బయటికొచ్చే దారి బొమ్మతో సహా ఉంటాయి. కొనడానికి ముందే ఆ పేజీ చూడండి.

గ్లవ్ బాక్స్ వెనక ఉంటే నిస్సంకోచంగా ఇంట్లోనే మార్చుకోండి. టయోటా, హోండా, హ్యుందాయ్, కియా, సుజుకి మోడళ్లలో ఎక్కువ శాతం ఇదే పద్ధతి. మొదటిసారి 20 నిమిషాలు, అలవాటైతే 5 నిమిషాలు పడుతుంది. చాలావాటికి పనిముట్లే అక్కర్లేదు.

కాళ్లు పెట్టుకునే చోట, సెంటర్ కన్సోల్ పక్కనో డాష్‌బోర్డ్ అడుగునో ఉంటే ఆలోచించాలి. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ లాంటి వాటిలో ముందు ప్యాసింజర్ వైపు అడుగున ఒక మూత తీస్తే చాలు, వెల్లకిలా పడుకుని చేయాలంతే. టెస్లా మోడల్ 3లో రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, రెండూ కలిపే మార్చాలి. కానీ డ్రైవర్ వైపు పెడల్ పక్కన ఫిల్టర్ పెట్టి, యాక్సిలరేటర్ పెడల్ విప్పితే గానీ బయటికి రాకుండా చేసిన కార్లు కూడా ఉన్నాయి. మీది అలాంటిదైతే మెకానిక్‌కి ఇవ్వండి. పెడల్ తిరిగి బిగించడంలో పొరపాటు జరిగితే దాని ముందు ఫిల్టర్ గొడవ ఏపాటిది? అదీగాక అక్కడ వంకర సందులోంచి తోయాలి కాబట్టి ఫిల్టర్ నలిగిపోయే అవకాశం ఎక్కువ.

మూడో చోటు బానెట్ కింద, వైపర్ల దగ్గర. పాత బీఎండబ్ల్యూ మోడళ్లలో నాలుగైదు స్క్రూలో క్లిప్పులో తీస్తే చేతికందుతుంది. వైపర్ చేతులు పీకాల్సి వస్తే మాత్రం పని పెద్దదవుతుంది. అక్కడ మూత సరిగ్గా బిగించకపోతే వాన నీళ్లు నేరుగా ఫిల్టర్ మీదికి, బ్లోయర్ (ఏసీ గాలిని తోసే ఫ్యాన్) మోటారులోకి దిగుతాయి. ఈ తరహా ఫిల్టర్ సాధారణంగా బయటి గాలిని మాత్రమే వడకడుతుంది. రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ తిప్పే బటన్) నొక్కితే లోపలి గాలి దాని గుండా పోదు. గ్లవ్ బాక్స్ వెనక ఉండే వాటిలో ఎక్కువ భాగం రెండు గాలుల్నీ వడకడతాయి. ఈ తేడా తర్వాత అక్కరకొస్తుంది.

కొన్ని బేసిక్ వేరియంట్లలో అసలు ఫిల్టరే ఉండదు, స్లాట్ ఉన్నచోట ప్లాస్టిక్ మూసేసి ఉంటుంది. దాన్ని కత్తిరించి ఫిల్టర్ పెట్టుకోవచ్చు. అయితే కోసిన ప్లాస్టిక్ పొడి ఒక్క రవ్వ బ్లోయర్‌లో పడ్డా మోత మొదలవుతుంది. మొదటి కోత అనుభవమున్న వాళ్లతో వేయించుకుని, ఆ తర్వాతి మార్పులు మీరు చేసుకోండి.

దుమ్ము ఫిల్టరా, కార్బన్ ఫిల్టరా

తెల్లగా ఉండే మామూలు దుమ్ము ఫిల్టర్ అంటే మడతలు పెట్టిన పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ నార. దాని పోగుల మధ్య సందులు సన్నటి ధూళి రేణువుల కన్నా చాలా పెద్దవి. మరి రేణువులు ఎలా ఆగుతాయి? తయారీలోనే ఆ నారకి విద్యుదావేశం ఇస్తారు. ఆ ఆవేశమే సన్నటి ధూళిని లాగి పట్టుకుంటుంది. దీనివల్ల గాలికి అడ్డు తక్కువ, వడపోత ఎక్కువ. చిన్న బ్లోయర్ ఉన్న కారుకి ఇదే అనువు. లోపం కూడా అక్కడే ఉంది. డీజిల్ మసి, నూనె తుంపర, తేమ ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. ఏడాది తర్వాత తెల్లగానే కనిపిస్తున్న ఫిల్టర్ కూడా పీఎం 2.5 స్థాయి (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న) ధూళిని కొత్తదానిలా ఆపలేకపోవచ్చు. రంగు చూసి “ఇంకా బాగానే ఉంది” అనేయడం అందుకే సరికాదు.

కార్బన్ ఫిల్టర్‌లో ఇదే నార రెండు పొరలుగా ఉండి, మధ్యలో యాక్టివేటెడ్ కార్బన్ పలుకులు ఉంటాయి. యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాములో 500 నుంచి 1500 చదరపు మీటర్ల ఉపరితలం దాగి ఉంటుంది. పెట్రోలు ఆవిర్లు, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి ఆ ఉపరితలానికి అంటుకుంటాయి. ముందు పోతున్న లారీ పొగ వాసన లోపలికి రాకుండా చేసేది ఇదే. ట్రాఫిక్‌లో ఎక్కువసేపు గడిపేవాళ్లు పెట్టే అదనపు డబ్బుకి ఈ ఒక్క పని చాలు.

కార్బన్ చేయలేనివి కూడా తెలుసుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌ని, కార్బన్ డయాక్సైడ్‌ని అది ఆపదు. మీ సొంత కారు ఎగ్జాస్ట్ వాసనే లోపలికి వస్తుంటే ఫిల్టర్ మార్చి ఊరుకోవద్దు, ఎగ్జాస్ట్ లీకు ఎక్కడుందో చూపించుకోండి. ఇంకో సంగతి: దుమ్ము పట్టే శక్తి ఇంకా మిగిలి ఉండగానే కార్బన్ నిండిపోతుంది. నిండిన కార్బన్ ఎండలో నిలబెట్టిన కారు వేడికి తాను పట్టుకున్న వాసనల్ని కొంత వదిలేస్తుంది కూడా. ఏసీ వేసిన మొదటి నిమిషంలో వాసన గుప్పుమని తర్వాత తగ్గిపోతుంటే దీన్ని కూడా అనుమానించాలి.

కార్బన్ పేరుతో బూడిద రంగు వేసిన నార అమ్మడం మామూలే. అసలుది చేతిలో బరువుగా తగులుతుంది. అదే సైజు దుమ్ము ఫిల్టర్‌ని పక్కన పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. తెల్ల కాగితం మీద మెల్లగా తడితే ఒకటో రెండో నల్ల పలుకులు రాలవచ్చు, మంచిదే. గుప్పెడు రాలితే జిగురు సరిగ్గా పట్టలేదని అర్థం, ఆ పలుకులు ఏసీ గొట్టాల్లోకి పోతాయి. వెనక నుంచి టార్చి వేసి చూస్తే మంచి ఫిల్టర్‌లో మడత మొత్తం ఒకేలా నల్లగా ఉంటుంది. చుక్కలు చుక్కలుగా వెలుతురు బయటికొస్తే కార్బన్ పలచగా చల్లారన్నమాట. కార్బన్ ఫిల్టర్‌ని ఎప్పుడూ సీలు చేసిన కవర్లోదే కొనండి, బిగించే ముందు వరకు కవర్ విప్పకండి. విప్పి పెట్టినది షెల్ఫు మీద ఉండగానే చుట్టుపక్కల వాసనలు పీల్చడం మొదలుపెడుతుంది.

అలర్జీ ఫిల్టర్, హెపా, కడిగి వాడేది

కార్బన్ మీద పాలీఫినాల్ లాంటి పూత ఉన్న మూడో పొర వేస్తే అది అలర్జీ ఫిల్టర్. పుప్పొడిలోంచి బయటికొచ్చే అలర్జీ కారకాల్ని ఆ పూత పనిచేయకుండా చేస్తుంది. పుప్పొడి రోజుల్లో తుమ్ములతో సతమతమయ్యేవాళ్లు కారులో ఉంటే దీనికి ఖర్చు పెట్టవచ్చు, మిగతావాళ్లకి తప్పనిసరి కాదు. “యాంటీ బ్యాక్టీరియల్” అన్న మాట చూసి మోజుపడకండి. ఆ పూత ముఖ్యంగా ఫిల్టర్ మీదే బూజు పెరగకుండా కాపాడుతుంది, క్యాబిన్‌లో గాలిని శుద్ధి చేసే మందేమీ కాదు.

హెపా, అంటే అతి సన్నటి రేణువుల్ని కూడా ఆపే ఫిల్టర్, దాని సంగతి కాస్త వివరంగా చూద్దాం, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. యూరప్ ప్రమాణం ఈఎన్ 1822 ప్రకారం హెచ్13 తరగతి అంటే, పట్టుకోవడం అన్నిటికన్నా కష్టమైన సైజు రేణువుల్లో కూడా 99.95 శాతం ఆగాలి. అంత సన్నటి వడపోతకి గాలి దూరాలంటే ఉపరితలం చాలా ఉండాలి. 2015లో టెస్లా తన మోడల్ ఎక్స్‌లో హెపా పెట్టినప్పుడు దానికోసం మామూలు కారు ఫిల్టర్‌కి ఎన్నో రెట్లు పెద్దది అమర్చింది. మీ కారు స్లాట్ ఎత్తు 20 నుంచి 30 మిల్లీమీటర్లు. అందులో నిజమైన హెచ్13 నారని ఇరికిస్తే బ్లోయర్ గాలిని తోయలేదు. తోయగలుగుతోందంటే అది హెచ్13 కాకపోవచ్చు. డబ్బా మీద “హెపా రకం”, “హెపా గ్రేడ్” అని మాత్రమే ఉండి తరగతి, ప్రమాణం నంబర్ లేకపోతే దాన్ని మంచి దుమ్ము ఫిల్టర్‌గానే లెక్కేసుకోండి, ఆ ధరే ఇవ్వండి.

పైగా గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. వడపోత గట్టిగా ఉన్నకొద్దీ అంచుల సందులోంచి తప్పించుకునే గాలి ఎక్కువవుతుంది. ఒక పక్క 2 మిల్లీమీటర్ల సందున్న హెపా కన్నా నాలుగు పక్కలా గట్టిగా కూర్చున్న మామూలు ఫిల్టర్ మెరుగ్గా పనిచేయగలదు.

సన్నటి ధూళి తగ్గడమే మీ లక్ష్యమైతే అంతకన్నా చవకైన దారి ఉంది. ఫిల్టర్ గ్లవ్ బాక్స్ వెనక ఉండి లోపలి గాలిని కూడా వడకట్టే కారైతే రీసర్క్యులేషన్ నొక్కండి. అదే గాలి ఫిల్టర్ గుండా మళ్లీ మళ్లీ తిరుగుతుంది, ప్రతి చుట్టులోనూ ధూళి తగ్గుతుంది, మధ్యరకం ఫిల్టర్‌తోనే ఫలితం కనిపిస్తుంది. అలాగని గంటల తరబడి అదే మోడ్‌లో పెట్టి నడపకూడదు. మనం వదిలిన ఊపిరి లోపలే పేరుకుని నిద్రమత్తు, తలబరువు వస్తాయి, అద్దాలకి ఆవిరి పడుతుంది. ట్రాఫిక్ దాటగానే కాసేపు బయటి గాలికి మార్చండి.

కడిగి మళ్లీ వాడే ఫోమ్ లేదా జాలీ ఫిల్టర్ ఆకుల్ని, పురుగుల్ని, ముతక మట్టిని ఆపుతుంది. సన్నటి ధూళి సంగతి మరిచిపోవచ్చు. మట్టి రోడ్ల మీదే తిరిగే వాహనానికైతే పర్వాలేదు, నగరంలో తిరిగే కారుకి మేము సూచించం.

ఒరిజినలా, బయటి బ్రాండా

కార్ల కంపెనీలు ఫిల్టర్లు తామే తయారు చేసుకోవడం అరుదు. ఫిల్టర్ తయారీదారుల దగ్గర చేయించుకుని తమ డబ్బాలో పెడతాయి. కాబట్టి పేరున్న ఫిల్టర్ కంపెనీ సరుకు కొంటే నాణ్యతలో నష్టపోరు. ఒరిజినల్‌కి ఉన్న గట్టి సుగుణం ఒకటే, కొలత తప్పదు. మొదటిసారి మార్చేవాళ్లకి అందుకే ఒరిజినల్ మంచిది. ఆ పాత ఒరిజినల్‌ని కొలతకి ఉంచుకుని, రెండోసారి నుంచి బయటి బ్రాండ్‌కి మారవచ్చు.

పార్ట్ నంబర్ మొదటి అంకెలు కొంత చెబుతాయి. టయోటా క్యాబిన్ ఫిల్టర్లు 87139తో, హ్యుందాయ్, కియావి 97133తో, హోండావి 80292తో మొదలవుతాయి. మొదటి ముక్క కలిస్తే సరిపోదు, మోడల్‌కి చెందేది తర్వాతి ముక్క. బయటి బ్రాండ్లలో రకం కూడా నంబర్‌లోనే దొరుకుతుంది. మాన్ ఫిల్టర్‌లో ‘సీయూ’ అంటే దుమ్ముకి మాత్రమే, ‘సీయూకే’ అంటే కార్బన్, ‘ఎఫ్‌పీ’ అంటే అలర్జీ పూత ఉన్నది. మాలె కంపెనీలో వరసగా ‘ఎల్‌ఏ’, ‘ఎల్‌ఏకే’, ‘ఎల్‌ఏఓ’. వెబ్‌సైట్‌లో ఫొటో ఏదైనా, వర్ణన ఏదైనా, మీకు వచ్చేది ఈ అక్షరాలు చెప్పే సరుకే.

పేరు తెలియని చవక ఫిల్టర్ చేతికొస్తే మూడు చూడండి. పొడవు, వెడల్పు, ఎత్తు పాతదానితో మిల్లీమీటర్లలో కలవాలి. ఒక మిల్లీమీటరు ఎక్కువైతే ఫర్వాలేదు, తక్కువైతే వద్దు. మడతలు లెక్కపెట్టండి. అదే సైజులో పాతదానికి 40 ఉండి దీనికి 25 ఉంటే వడకట్టే ఉపరితలం ఆ మేరకు తగ్గినట్టే, త్వరగా మూసుకుపోతుంది. ఇక అంచు. నార పట్టీ గానీ ఫోమ్ గానీ నాలుగు వైపులా అతికి ఉండాలి. పక్కలు అట్టలా మెత్తబడి, వేలితో నొక్కితే వంగిపోతుంటే బ్లోయర్ జోరుకి మధ్యలో కుంగి పక్కన సందు ఇస్తుంది.

గ్లవ్ బాక్స్ వెనక ఫిల్టర్ మార్చే పద్ధతి

ఇంజిన్, బ్లోయర్ రెండూ ఆపండి. ముందు సీటుని పూర్తిగా వెనక్కి జరపండి, గ్లవ్ బాక్స్ ఖాళీ చేయండి. డబ్బా ఒక పక్కన సన్నటి తాడో చిన్న డాంపర్ కడ్డీనో కనిపిస్తుంది, డబ్బా ఒక్కసారిగా పడకుండా పట్టుకునేది అదే. ముందు దాని కొక్కెం తప్పించండి. ఇది మరిచిపోయి డబ్బా లాగడం వల్లే విరగ్గొట్టుకుంటారు. తర్వాత రెండు పక్క గోడల్ని లోపలికి నొక్కితే స్టాపర్లు తప్పుకుని డబ్బా పూర్తిగా కిందికి వాలుతుంది. కొన్నిటిలో స్టాపర్లని పావు చుట్టు తిప్పి బయటికి లాగాలి, కొన్నిటిలో స్క్రూలు ఉంటాయి. ఆ చుట్టుపక్కల పసుపు రంగు వైర్ కనెక్టర్ కనిపిస్తే ముట్టుకోవద్దు, అది ఎయిర్‌బ్యాగ్‌ది.

ఎదురుగా సన్నగా, పొడవుగా ఒక మూత ఉంటుంది. దాని గోళ్లని వేళ్లతోనే నొక్కండి. స్క్రూ డ్రైవర్ దూర్చి తిప్పితే గోరు విరుగుతుంది, ఆ తర్వాత మూత జీవితాంతం ఈల వేస్తుంది. చలిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి ముందు ఒక పది నిమిషాలు హీటర్ వేసి ఆపితే మంచిది.

పాత ఫిల్టర్‌ని ఒరగనివ్వకుండా సమంగా, నెమ్మదిగా లాగండి. పైన పేరుకున్న ఆకులు, గింజలు, పురుగులు ఒరిగితే నేరుగా బ్లోయర్ చక్రంలో పడతాయి. తర్వాత ఫ్యాన్ వేసినప్పుడు వచ్చే టకటక శబ్దానికి కారణం దాదాపు ఎప్పుడూ అదే. పడితే ఫ్యాన్ వేయకుండా వ్యాక్యూమ్ సన్న గొట్టంతో లాగేయండి. స్లాట్ అంచుల్ని పొడి గుడ్డతో తుడవండి, అక్కడ మట్టి ఉంటే కొత్తది ఆనుకోదు.

ఇక దిక్కు. ఫిల్టర్ పక్కన బాణంతో ‘ఎయిర్ ఫ్లో’ అని ఉంటే అది గాలి పోయే దిక్కు. బాణంతో ‘అప్’ అని ఉంటే పైవైపు ఏదో చెప్పే గుర్తు మాత్రమే, గాలికి సంబంధం లేదు. ఈ రెండిటినీ కలగలిపేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ఫిల్టర్ అడ్డంగా, బ్లోయర్‌కి పైన ఉండే కార్లలో గాలి పైనుంచి కిందికి పోతుంది, కాబట్టి బాణం కిందికి. నిలువుగా దూరే వాటిలో గాలి బ్లోయర్ నుంచి కారు మధ్యకి, కూలింగ్ కాయిల్ వైపు పోతుంది. అనుమానం ఉంటే పాతదాని మురికి వైపు చూడండి. కిందటిసారి ఎవరైనా తలకిందులుగా పెట్టి ఉన్నా సరే, మురికి పట్టిన వైపే గాలి వచ్చే వైపు. ఒకే పొర ఉన్న దుమ్ము ఫిల్టర్‌కి దిక్కు తప్పినా పెద్ద నష్టం లేదు. పొరలున్న వాటిలో ముతక పొర ముందుండాలి. తిరగేస్తే సన్న పొరే మట్టినంతా మోయాల్సి వచ్చి త్వరగా మూసుకుపోతుంది.

కొత్తదాన్ని వంచకుండా తోయండి. చివర్లో ఎక్కడైనా ఆగితే బలవంతంగా నొక్కకుండా బయటికి తీసి మళ్లీ పెట్టండి. మూత రెండు చివర్లా టక్కుమనాలి. ఫ్యాన్‌ని 1 నుంచి చివరి వరకు, బయటి గాలిలో ఒకసారి, రీసర్క్యులేషన్‌లో ఒకసారి వేసి వినండి. ఈల వస్తే మూత కూర్చోలేదు. గాలి మునుపటికన్నా తగ్గితే ఫిల్టర్ మీది పాలిథిన్ కవర్ తీశారో లేదో చూడండి. నవ్వొస్తుంది గానీ, జరుగుతూనే ఉంటుంది.

ఎన్నాళ్లకి, శుభ్రం చేసి వాడవచ్చా

ఏడాది లేదా 15,000 నుంచి 20,000 కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది. ఇది మామూలు లెక్క, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. మట్టి, నిర్మాణ పనులు, డీజిల్ పొగ ఎక్కువున్న దారుల్లో తిరిగితే సగానికి తగ్గించండి. తడిసిన ఫిల్టర్‌ని లెక్కతో పని లేకుండా మార్చేయాలి.

పాతదాన్ని నేలకేసి మెల్లగా తట్టి ఆకులు దులిపి, కొత్తది వచ్చేదాకా వారం పది రోజులు నడపడం తప్పు కాదు. కడగడం మాత్రం వద్దు. నారలో మిగిలిన ఆవేశం పోతుంది, కార్బన్ తడుస్తుంది, మడతలు ఎండాక వంకరపోతాయి. కంప్రెసర్ గాలి కొట్టించడం కూడా అంతే. ముతక మట్టి ఎగిరిపోయి శుభ్రంగా కనిపిస్తుంది, పోగుల మధ్య కొత్త సందులు పడతాయి. ఫిల్టర్ అసలే లేకుండా నడపడం అన్నిటికన్నా చెడ్డది. దుమ్మంతా తడిగా ఉండే కూలింగ్ కాయిల్ రెక్కల మీద అంటుకుని గట్టిపడుతుంది, దాన్ని వదిలించాలంటే డాష్‌బోర్డ్ విప్పాల్సి రావచ్చు.

ముక్క వాసన కోసమే ఫిల్టర్ మారుస్తుంటే ఒక మాట. ఆ వాసన సాధారణంగా పుట్టేది కూలింగ్ కాయిల్ మీద, ఫిల్టర్‌లో కాదు. ఫిల్టర్ తీసేసి, కాయిల్ క్లీనర్ ఫోమ్ డబ్బా మీది సూచనల ప్రకారం కొట్టి, అడుగున నీళ్లు కారే గొట్టం మూసుకుపోలేదని చూసి, ఫ్యాన్‌తో పూర్తిగా ఆరబెట్టిన తర్వాతే కొత్త ఫిల్టర్ పెట్టండి. ముందే పెడితే కొత్తది కూడా అదే వాసన పట్టుకుంటుంది.

పాతదాన్ని కవర్లో కట్టి పారేసే ముందు ఒకసారి వెలుతురులో తిప్పి చూడండి. మురికి మడతల మీద కాకుండా ఫ్రేమ్ పక్కల మీద గీతలా పట్టి ఉంటే గాలి అక్కడి నుంచి తప్పించుకుంటోందన్నమాట, ఈసారి అదే బ్రాండ్ కొనకండి. ఒక మూల కొరికి, నార పీకి ఉంటే ఎలుక పని. అప్పుడు కొత్త ఫిల్టర్‌తో పాటు వైపర్ల కింద బయటి గాలి లోపలికొచ్చే చోట సన్నటి స్టీలు జాలీ వేయించండి, లేకపోతే కొత్తదాన్ని కూడా కొరికేస్తుంది.